పుట్టురంగు, పట్టిన రంగు

ప్లాస్టిక్ వస్తువు రంగు ఆ వస్తువులో ఎక్కడ ఉంటుంది అన్న ప్రశ్న మొదట అమాయకంగా వినిపిస్తుంది గాని, దానికి సరైన జవాబు తెలియకుండా ఒక తెల్లటి గుండీకి నీలం అద్దడం గాని, ఎర్రటి బకెట్టును కరిగించి మరో బకెట్టు పోయడం గాని సాధ్యం కాదు. గోడకు వేసిన రంగు గోడ పైన పొరగా ఉంటుంది, గీకితే ఊడివస్తుంది. బకెట్టును ఎంత గీకినా, పగలగొట్టి ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కలోనూ అదే ఎరుపు కనిపిస్తుంది. కళ్లద్దానికి పట్టించిన లేత గోధుమరంగు ఈ రెంటిలో దేనికీ చెందక, పైతలం కింద వెంట్రుకవాసి లోతు వరకు ఇంకి అక్కడితో ఆగిపోతుంది. ఈ మూడు స్థితులకూ కారణం రంగులో కొంత ఉంటే, రంగును పుచ్చుకునే పదార్థంలో అంతకంటె ఎక్కువ ఉంది.

రంగునిచ్చే పదార్థాలను రసాయనశాస్త్రం రెండు తెగలుగా చూస్తుంది. తాను కలిసిన పదార్థంలో కరగకుండా, అతి మెత్తని రేణువులుగానే చెదిరి ఉండిపోయేది వర్ణకం. తెల్ల ప్లాస్టిక్కుకు తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్, నల్లదానికి నలుపునిచ్చే కార్బన్ బ్లాక్ అనే మసి ఈ తెగవి. కరిగి, ఒక్కొక్క అణువుగా విడిపోయి, పదార్థపు అణువుల మధ్య చోటు చేసుకునేది రంజకం, అంటే అద్దకపు రంగు. వర్ణకం పదార్థంతోపాటే రావాలి, ఎందుకంటే గట్టిపడిన వస్తువులోకి రేణువు దూరలేదు. రంజకం ఆలస్యంగా వచ్చి కూడా చేరగలదు, అయితే అందుకు పదార్థం ఒప్పుకోవాలి. మొదటిదాన్ని పుట్టురంగు అనీ రెండోదాన్ని పట్టిన రంగు అనీ అనుకుంటే, ప్రపంచంలో అత్యధికంగా వాడే ప్లాస్టిక్కులు పుట్టురంగును తప్ప పట్టిన రంగును నిలుపుకోలేనివి. ఆ ఒక్క అశక్తత వల్ల వచ్చిన పర్యవసానాలు రంగుల సంగతిని దాటి చాలా దూరం పోతాయి.

వేడికి మెత్తబడి, కోరిన ఆకారం తీసుకుని, చల్లారాక గట్టిపడే పదార్థం ప్లాస్టిక్కు అనుకుంటే, లక్క ఆ వంశంలో ఎంతో పాతది. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు స్రవించే ఈ జిగురులో పుట్టుకతోనే ఒక ఎర్రరంగు ఉంటుంది. గీకి తీసిన లక్కను దంచి నీళ్లలో కడిగితే రంగు నీళ్లలోకి దిగిపోయి జిగురు మిగులుతుంది. ఒకప్పుడు ఆ ఎర్రరంగు కూడా ఖండాంతరాలకు పోయిన విలువైన సరుకే. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో కృత్రిమ రంగులు వచ్చిపడ్డాక దాని గిరాకీ పోయి, జిగురే సరుకుగా నిలిచింది. ప్రకృతి తానే రంగు కలిపి ఇచ్చిన పదార్థం నుంచి ఆ రంగును కడిగి పారబోసి, ఖాళీ అయిన జిగురుకు మళ్లీ తనకు నచ్చిన రంగు కలపడం మనిషికి మాత్రమే తోచే పని. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలకు పట్టించే లక్కలోనూ, హైదరాబాదు లాడ్ బజారులో గాజులకు సాగదీసే లక్కలోనూ జరిగేది అదే: లక్కను వేడిచేసి, రంగును అందులో పిసికి, సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసి అంతటా ఒకే ఛాయ వచ్చేదాకా కలుపుతారు, ఏటికొప్పాక కళాకారుడు ఆ రంగు లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఒత్తితే రాపిడి వేడికే కరిగి పొరగా అంటుకుంటుంది. ఏటికొప్పాకకే చెందిన సి.వి. రాజు వంటివారి కృషితో గింజలు, వేళ్లు, బెరళ్ల నుంచి తీసిన రంగులు ఈ లక్కలోకి తిరిగివచ్చాయి. ఆ బొమ్మలకు 2017లోను, హైదరాబాదు లక్క గాజులకు 2024లోను భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ చేతిపనిని జానపద కళల పుస్తకంలో ఒక అధ్యాయంగా మాత్రమే చూడడం దానికి అన్యాయం చేయడమే, ఎందుకంటే నేటి ఫ్యాక్టరీలో ప్లాస్టిక్కుకు రంగు కలిపే పద్ధతి సూత్రం ఇదే.

పూర్తిగా కృత్రిమమైన తొలి ప్లాస్టిక్కు లక్కకు బదులుగానే పుట్టింది. విద్యుత్ తీగల మీద పూతగా వాడే లక్క చాలక, ఖరీదు పెరుగుతున్న కాలంలో దానికి ప్రత్యామ్నాయం వెతుకుతూ లియో బేక్లండ్ 1907లో కనిపెట్టిన బేకలైట్, తన స్వభావం చేతనే గోధుమవన్నెకు తిరిగి, వెలుతురు తగిలేకొద్దీ ముదిరేది. పాత రేడియో పెట్టెలు, టెలిఫోన్లు, విద్యుత్ స్విచ్చులు నలుపులోనో ముదురు గోధుమలోనో ఉండడం ఆనాటి గంభీరమైన అభిరుచికి గుర్తు అని భావించేవారు ఉన్నారు గాని, అది అభిరుచి కన్నా గత్యంతరం లేకపోవడమే; లేత రంగులను సహించే యూరియా రెజిన్లు 1920ల్లో రాగానే ఆ గాంభీర్యం చాలా ఇళ్లలో సడలిపోయింది. అంతకుముందే 1869 ప్రాంతంలో అమెరికాలో హయత్ సోదరులు రూపొందించిన సెల్యులాయిడ్ మాత్రం ఏ రంగునైనా తీసుకునేది. అయినా తనకంటూ ఒక రంగు కోరుకోక, దువ్వెనల్లో తాబేటిచిప్పలాగా, పిడుల్లో ఏనుగు దంతంలాగా కనిపించడానికే తన శక్తినంతా వెచ్చించింది. ఈ తొలితరంలో అద్దకానికి నిజంగా లొంగినది జర్మనీలో 1890ల చివర పాలలోని కేసీన్ అనే మాంసకృత్తును గట్టిపరచి చేసిన గాలలిత్. ఉన్ని, పట్టు కూడా మాంసకృత్తులే కాబట్టి వాటికి పట్టే రంగులు దీనికీ పట్టేవి; తెల్లగా చేసిన గుండీలను నిల్వ ఉంచుకుని, గిరాకీ వచ్చిన ఛాయలో ముంచి ఇచ్చే వీలు అలా ఏర్పడింది.

అద్దకానికి అసలు పరీక్ష 1920ల్లో ఎదురైంది. దూది సారాన్ని రసాయనికంగా మార్చి తీసిన ఎసిటేట్ దారం పట్టులా మెరిసేది గాని, అంతవరకు తెలిసిన రంగులను దాదాపు అన్నింటినీ తిరస్కరించింది. ఆ రంగులన్నీ నీటిలో సులువుగా కరిగేవి కావడం, ఎసిటేట్ నీటిని దగ్గరికి రానీయకపోవడం అందుకు కారణాలు. పరిష్కారం తలకిందులుగా దొరికింది. నీటిలో దాదాపు కరగని రంగును మెత్తగా నూరి, నీటిలో తేలియాడేలా చేసి, వేడి చేస్తే ఆ రంగు నీటిని విడిచి దారంలోకి పోయి అందులోనే కరిగేది. ఘనపదార్థంలో ఘనపదార్థం కరగడమన్నమాట. డిస్పర్స్ రంగులని పేరుపడ్డ ఈ తెగ లేకపోతే, 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ రూపొందించిన పాలియెస్టర్ ఈనాటి బట్టల కొట్టును ఆక్రమించగలిగేది కాదు.

రంగు లోపలికి పోవడానికి వేడి ఎందుకు కావాలో ఇక్కడ చెప్పుకోవాలి. ప్లాస్టిక్కులు పొడవాటి అణుమాలలు చిక్కుపడి ఏర్పడిన పదార్థాలు. ఒక ఉష్ణోగ్రత వరకు ఆ మాలలు బిగుసుకుని ఉండి, దాన్ని దాటగానే వస్తువు కరగకుండానే అవి లోలోపల మెదలడం మొదలుపెడతాయి. ఆ హద్దును గాజుదశ ఉష్ణోగ్రత అంటారు. పొడి నైలానుకు అది సుమారు 50 డిగ్రీల సెల్సియస్, పాలియెస్టరుకు 70 నుంచి 80, ఆక్రిలిక్కుకు 105 ప్రాంతం, పాలికార్బొనేటుకు 150కి దగ్గర. హద్దు దాటినంత మాత్రాన చాలదు, రంజకపు అణువు పట్టేంత సందు పదేపదే తెరుచుకోవాలి. అందుకే పాలియెస్టర్ బట్టను మూత బిగించిన పాత్రల్లో ఒత్తిడి మీద 130 డిగ్రీల దాకా వేడి చేస్తారు. చల్లారితే సందులు మూసుకుని రంగు లోపల చిక్కుబడిపోతుంది. నైలానులో దీనికి తోడు మరో బంధం కూడా ఉంది: దాని అణుమాలల కొసల్లోని ఎమీన్ సమూహాలు ఆమ్ల రంగులను విద్యుదావేశంతో పట్టుకుంటాయి, కాబట్టి పట్టుకు వాడే రంగులే, కాస్త ఆమ్లం తోడైతే, నైలానుకూ పనికివస్తాయి.

కలంకారీ తెలిసిన తెలుగువారికి ఈ వివరం కొత్తగా తోచనక్కరలేదు. పెడనలోనైనా శ్రీకాళహస్తిలోనైనా నూలుబట్టకు కరక్కాయ పట్టించి, ఎరుపు రావలసిన చోట పటిక నీరు రాసి, ఆ పిమ్మట బట్టనంతా రంగులో ఉడికిస్తే, పటిక ఉన్న చోటే ఎరుపు నిలిచి తక్కిన చోట కడుగుకు పోతుంది; అద్దకపు నైపుణ్యంలో పెద్ద పాలు రంగుది కాక, బట్టను రంగుకు సిద్ధం చేయడానిది. ప్లాస్టిక్కు విషయంలో పటిక చేసే పనిని కొంత వేడి, కొంత పదార్థపు అణునిర్మాణం చేస్తాయి. గుండీల వ్యాపారం ఈ జ్ఞానం మీదే నడుస్తుంది: పాలియెస్టర్ రెజిన్ గుండీలను తెల్లవిగానో రంగులేనివిగానో నిల్వ ఉంచి, బట్ట ముక్క నమూనాగా వచ్చాక డిస్పర్స్ రంగుల వేడినీటిలో ఛాయ కలిసేదాకా ఉంచుతారు. మూడు కొలతల ముద్రణ యంత్రాల్లో నైలాను పొడితో చేసిన భాగాలు కూడా తెల్లగానో బూడిదవన్నెలోనో బయటికి వచ్చి, తరవాతే రంగు నీళ్లలో మునుగుతాయి. ఈ రంగంలో తొందర పనికిరాదు. నీటి వేడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయితే గుండీ మీద మచ్చలు కనిపించి, సంచి సంచీ పక్కన పెట్టవలసివస్తుంది.

ఇళ్లలో నిత్యం కనిపించే ప్లాస్టిక్కులు, అంటే బకెట్లు, బిందెలు, మగ్గులు, డబ్బాలు అయిన పాలిథిన్, పాలిప్రొపిలీన్‌ల తీరు వేరు. గాజుదశ హద్దు పాలిప్రొపిలీనుకు సున్నాకు కొంచెం దిగువన, పాలిథినుకు సున్నాకు వంద డిగ్రీల కంటె కిందన ఉంది. అంటే గది వేడిలోనే వాటి అణుమాలలు మెదులుతూ, సందులు తెరుచుకునే ఉంటాయి. అయినా రంగు నిలవదు. కార్బన్, హైడ్రోజన్ తప్ప మరేమీ లేని ఆ మాలల్లో రంజకాన్ని పట్టి ఉంచే కొక్కెం ఏదీ లేదు, వచ్చిన రంగు వచ్చిన దారినే పోతుంది. ఈ నియమానికి అపవాదంలా కనిపించే సంగతి ప్రతి తెలుగు వంటింట్లోనూ ఉంది: వేడి వేడి పప్పుపులుసు పోసిన ప్లాస్టిక్ డబ్బా మర్నాటికి పసుపుపచ్చగా మారుతుంది, ఎంత తోమినా ఆ పసుపు పోదు. పసుపులోని కర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది; తాలింపు నూనె దాన్ని మోసుకుపోయి, వేడి సాయంతో, తన వంటి స్వభావమే ఉన్న డబ్బా గోడలోకి దింపుతుంది. డిస్పర్స్ రంగుల శాస్త్రమంతా ఆ డబ్బాలో తెలియకుండానే జరిగిపోతుంది గాని, సమంగా, కోరిన ఛాయలో, కోరినంత లోతుకు జరగదు కనక దాన్ని అద్దకం అనక మరక అంటారు. ఆ డబ్బాను రెండు మూడు రోజులు ఎండలో పెడితే కర్కుమిన్ వెలుతురుకు విరిగి మరక పలచబడుతుందన్నది ఏ పుస్తకమూ చదవని గృహిణులకు ఎప్పటినుంచో తెలుసు. ఊరగాయకు జాడీయే వాడాలన్న పాత పట్టుదలలో కూడా, రుచితోపాటు ఈ నూనె సంగతి కొంత ఉండే ఉంటుంది.

పట్టిన రంగు తన పూర్తి నాజూకును చూపించేది కంటి దగ్గర. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో ఒక రెజిన్ వరసలో 39వ మిశ్రమంగా తేలిన సీఆర్-39 అనే ప్లాస్టిక్కుతో 1947లో కళ్లద్దాలు చేయడం మొదలైంది. అది గాజు కన్నా తేలిక కావడమే కాక, గాజుకు లేని ఒక సుగుణం, అద్దకానికి లొంగడం, దానికి ఉంది. 90 డిగ్రీలు దాటిన రంగు నీటిలో అద్దాన్ని కొన్ని నిమిషాలు ఉంచితే లేత ఛాయ, మరింతసేపు ఉంచితే ముదురు ఛాయ వస్తాయి. తలకిందులుగా ముంచి నెమ్మదిగా పైకి లాగుతూ ఉంటే, పైన ముదురుగా మొదలై కిందికి పోనుపోను తేలిపోయే ఛాయ ఏర్పడుతుంది. ముదిరిపోతే రంగును వెనక్కి లాగే మరో వేడి ద్రవం ఉంది, అందులో ఉంచితే కొంత దిగిపోతుంది. పాలికార్బొనేటు అద్దం ఇలా లొంగదు కనక, దాని మీద గీతలు పడకుండా వేసే గట్టిపూతే రంగును తాగుతుంది. చెకోస్లొవేకియాలో ఒటో విఖ్తర్లే 1961లో పిల్లల ఆటవస్తువుల ముక్కలతో కట్టిన యంత్రం మీద తీసిన మెత్తటి కాంటాక్ట్ లెన్సుకు వారసులైన నేటి లెన్సులు చాలావాటికి కంటికి పెట్టుకుంటే తెలియనంత లేత నీలం పట్టిస్తారు. అది అందం కోసం కాదు, కిందపడితే వెతుక్కోవడం కోసం. ప్లాస్టిక్కు రంగుకు ఇంతకంటె వినయపూర్వకమైన ప్రయోజనం మరొకటి చూపించడం కష్టం. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల తయారయ్యే కృత్రిమ నేత్రంలో మాత్రం అద్దకం పనికిరాదు: ఆక్రిలిక్ మీద కనుపాపను పొరలుపొరలుగా, పక్కనున్న నిజమైన కంటిని చూస్తూ చేత్తో చిత్రించి, తెల్లగుడ్డు మీద నరాల కోసం సన్నటి ఎర్రదారపు పోగులు పరిచి, పైన పారదర్శకమైన పొర పోస్తారు.

ఈ పట్టిన రంగుల ప్రపంచమంతా పరిమాణంలో చిన్నది. పెద్దదంతా పుట్టురంగుదే, దానికి మూలం మాస్టర్‌బ్యాచ్ అనే గుళికలు. వర్ణకాన్ని కొద్దిపాటి ప్లాస్టిక్కులో చిక్కగా కలిపి, గుళికలుగా కోసి అమ్మితే, బకెట్లు పోసేవారు రంగులేని గుళికల్లో నూటికి రెండు మూడు పాళ్లు వీటిని కలిపి కరిగించి అచ్చులోకి పంపుతారు. లక్కలో రంగు పిసికిన చేతికి బదులు ఇక్కడ వేడి గొట్టంలో తిరిగే మర ఉంటుంది. రంగు వస్తువుకు హంగు మాత్రమేనన్న నమ్మకం ఈ గొట్టం దగ్గర చెదిరిపోతుంది. 1928లో స్కాట్లండులోని ఒక రంగుల ఫ్యాక్టరీలో అనుకోకుండా బయటపడిన థాలోసయనిన్ తెగకు చెందిన నీలం, నేటి నీలి ప్లాస్టిక్ వస్తువుల్లో చాలావాటికి ఆధారం; అయితే దాని రేణువుల చుట్టూ పాలిథిన్ వేగంగా స్ఫటికాలు కట్టి, ఒక్కో దిశలో ఒక్కోలా కుంచించుకుపోతుంది, ఫలితంగా తెల్లగా పోసినప్పుడు చదునుగా వచ్చిన మూతే అదే అచ్చులో నీలంగా పోస్తే వంగవచ్చు. నలుపు ఇంకా దూరం పోయింది. నీటి సరఫరాకు, పొలాలకు వేసే పాలిథిన్ గొట్టాల్లో బరువుకు రెండు రెండున్నర శాతం కలిపే కార్బన్ బ్లాక్, ఎండలోని అతినీలలోహిత కిరణాలను తానే మింగి అణుమాలలు తెగకుండా కాపాడుతుంది. అనంతపురం చేలల్లో ఏళ్లతరబడి ఎండకు పడి ఉండే బిందుసేద్యపు గొట్టాలు నల్లగా ఉండడానికి, మేడ మీది నీటి ట్యాంకు పైపొర నల్లగా ఉండి లోపల వెలుతురు సోకక పాచి పట్టకపోవడానికి కారణం అదే. ఆ రక్షణ లేని గులాబీ బిందె వీధి కుళాయి దగ్గర కొన్ని వేసవులు గడిపితే మొదట వెలిసి, తరవాత చేతికి సుద్దలా అంటి, ఒకనాడు అంచు దగ్గర విరుగుతుంది.

విరిగిన తరవాత పుట్టురంగు తన అసలు ధర చెబుతుంది. కళ్లద్దం నుంచి రంగును వెనక్కి లాగినట్టు బిందె నుంచి వర్ణకాన్ని లాగే ద్రవం లేదు. కరిగించి మళ్లీ పోసినా గులాబీ గులాబీగానే ఉంటుంది, దానికి నీలం, పచ్చ, పసుపు తోడైతే మురికి బూడిదవన్నె అవుతుంది, ఆ వన్నెను దాచగలిగేది నలుపు ఒక్కటే. అందుచేత రంగులేని ప్లాస్టిక్కు ఏ రంగైనా కాగలదు, రంగుది మరింత ముదురుదే కాగలదు, నల్లది నల్లగానే ఉంటుంది. ఈ దిగుడు మెట్లలో పైకి ఎక్కే దారి లేదు. మందుల దుకాణంలో శానిటరీ ప్యాడ్లనూ, మాంసం కొట్లో పొట్లాన్నీ చుట్టి ఇచ్చే నల్ల కవరు ఈ మెట్ల అడుగున పుట్టినది: అన్ని రంగుల వ్యర్థాలూ కలిసిన సంగతిని కవరు దాస్తే, కొన్న వస్తువేమిటో చుట్టుపక్కలవారికి తెలియకుండా అదే కవరు దాస్తుంది, సమాజపు బిడియానికి అంత చవకైన ముసుగు మరొకటి దొరకలేదు. అదే నలుపు పాశ్చాత్య దేశాల్లో యంత్రాలను కూడా ఓడించింది. వస్తువు మీదికి పరారుణ కిరణం పంపి, తిరిగివచ్చిన దాన్ని చదివి ఏ ప్లాస్టిక్కో చెప్పే యంత్రాలకు, కార్బన్ బ్లాక్ ఆ కిరణాన్ని మింగేయడంతో నల్ల పళ్లెం అసలు కనిపించక నేరుగా చెత్తలోకి పోతుంది.

ఈ నష్టాలను గుర్తించి రంగును వదులుకున్న సందర్భాలు లేకపోలేదు. స్ప్రైట్ పానీయం ఉత్తర అమెరికాలో అరవై ఏళ్లకు పైగా తనకు గుర్తుగా ఉన్న ఆకుపచ్చ సీసాను 2022 ఆగస్టు నుంచి విడిచి రంగులేని సీసాకు మారింది, ఎందుకంటే పచ్చ సీసా తిరిగి సీసా కావడం అరుదు, తివాచీలోకో బట్టలోకో దిగిపోయేది. భారతదేశంలో 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు క్యారీబ్యాగులు రంగు కలపని సహజ ఛాయలో ఉండాలని, కలిపితే భారత ప్రమాణం ఐఎస్ 9833 జాబితాలోని వర్ణకాలే కలపాలని చెబుతున్నాయి. వీధి కొట్లో వేలాడే కవర్ల కట్టను చూస్తే ఆ వాక్యం ఎంతవరకు చేరిందో తెలుస్తుంది. చేరినా చేరకున్నా, వేరుచేసే పని ఇక్కడ యంత్రాలది కాదు. హైదరాబాదులోని కాటేదాన్ వంటి చోట్లకు సరుకు పంపే పాతసామాన్ల కొట్లలో ఆ పని చేసేవారు ముక్కను వంచి, గోటితో మీటి, అవసరమైతే అంటించి వాసన చూసి ఏ ప్లాస్టిక్కో చెప్పగలరు, ఆపైన రంగు లేనిదాన్ని ఒక గోనెలోకి, తెల్లదాన్ని మరో గోనెలోకి, తక్కినదంతా మూడో గోనెలోకి వేస్తారు. లేత నీలం బిందె, ముదురు నీలం బిందె, గులాబీ మగ్గు ఆ మూడో గోనెలోనే పడతాయి. వాటి ఛాయల తేడా కోసం మాస్టర్‌బ్యాచ్ తయారీదారు పడిన శ్రమకు ఆ గోనె తూకంలో ఒక్క పైసా కూడా కలవదు.